కప్పగారి ఇంటిపేరు

(రేడియో ప్రసంగ పాఠం)

చరిత్ర గురించి ఒక పావుగంట మాట్లాడమని నన్ను అడిగారు. శాతవాహనుల గురించి, కాకతీయుల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు మన ఊళ్ళోనే నలుగురైదుగురు ఉన్నారు కనక ఆ జోలికి పోను. సుమారు 38 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పాకిన ఒక జీవి గురించి, మనుషులు దానికి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టిన పేర్ల గురించి చెబుతాను. నేను కంప్యూటర్లవాణ్ణి, భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాకపోతే నా ఉద్యోగంలో సగం పని ఒకే మనిషి నాలుగు పేర్లతో నాలుగు డేటాబేసుల్లో ఉంటే ఆ నలుగురూ ఒకరేనా అని తేల్చడం. అందుకే ఈ పేర్ల గొడవ నన్ను పట్టుకుంది.

కొన్నాళ్ళు నాకు ఒహాయోలో టొలీడో దగ్గర ప్రాజెక్టు పడింది. ఆ పక్కనే సిల్వేనియా అని ఒక ఊరు. అక్కడ ఒక పార్కులో క్వారీ నుంచి తెచ్చిన బూడిదరంగు షేల్ రాయి కుప్పలు పోసి ఉంచుతారు. చేత్తో విరుచుకుని చూసుకోవచ్చు, దొరికింది ఇంటికి తీసుకుపోవచ్చు. సుత్తులు మాత్రం వాడకూడదు. ఒక శనివారం మా అమ్మాయిని తీసుకెళ్ళాను. రెండు గంటలు ఎండలో కూచున్నాక దానికి గోళీకాయకంటే కాస్త పెద్ద ముద్ద ఒకటి దొరికింది. రోకలిబండను పుల్లతో ముట్టుకుంటే ఎలా చుట్టుకుపోతుందో, సరిగ్గా అలా చుట్టుకుపోయి ఉంది. పైన రెండు ఉబ్బుకళ్ళు. ట్రైలోబైట్! పీతలకీ, తేళ్ళకీ, రోకలిబండలకీ దూరపు చుట్టం. పార్కులో ఉన్న బోర్డు చూసి "ఫేకోప్స్ రానా" అన్నాను. ఇంటికొచ్చి ఇంటర్నెట్లో చూస్తే "ఎల్డ్రెజాప్స్ రానా" అని ఉంది. సోమవారం బడికి పట్టుకెళ్ళి చూపించాలి, డబ్బా మీద పేరు రాయాలి. "నాన్నా, ఏది కరెక్టు?" అని అడిగింది. ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాటే ఈ ప్రసంగం.

ముందు పేరు కట్టే పద్ధతి చెప్పాలి. శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. అంటే ముందు ఇంటిపేరు, తరవాత సొంతపేరు. 1758లో లినేయస్ జంతువులన్నిటికీ ఈ పద్ధతే వాడాడు. ఈ దేశంలో అడుగుపెట్టగానే మన పేర్లు తలకిందులై, ఇంటిపేరు చివరికీ సొంతపేరు ముందుకీ వెళ్ళిపోతాయి కదా, ట్రైలోబైట్లకు ఆ బాధ లేదు. వాటి పేర్లు మన పద్ధతిలోనే ఉన్నాయి. ఇలాంటి ఇంటిపేర్లు కొన్ని కలిస్తే ఒక కుటుంబం. మన కప్పది ఫేకోపిడే కుటుంబం. కప్ప అని ఎందుకన్నానంటే లాటిన్‌లో రానా అంటే కప్ప. రాజులకూ రాణాలకూ దానితో సంబంధం లేదు.

ఆ పేరు పెట్టినవాడు జేకబ్ గ్రీన్. ఫిలడెల్ఫియాలో ఒక వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఉత్తర అమెరికా ట్రైలోబైట్ల మీద 1832లో పుస్తకం వేశాడు. బొమ్మలు చాలవని, అసలు శిలాజాలకు ప్లాస్టర్ అచ్చులు పోయించి రంగులు వేయించి పుస్తకంతోపాటు ఇచ్చాడు. ఆ రోజుల్లో తెలిసిన ట్రైలోబైట్ ఇంటిపేర్లు చాలా తక్కువ. పదేళ్ళ ముందే ఫ్రాన్సులో బ్రోంగ్నియార్ కాలిమెనె అనే పేరు పెట్టి ఉన్నాడు. గ్రీన్ మన జీవిని ఆ కాలిమెనె ఇంట్లోనే చేర్చాడు. ఉబ్బుకళ్ళు, గరుకు మొహం చూసి ఒకదానికి బూఫో అని, అంటే గోదురుకప్ప అని, దానిలో ఒక రకానికి రానా అని పేరు పెట్టాడు.

కాలిమెనె కళ్ళు చాలా చిన్నవి. చాలా శిలాజాల్లో కటకాలు కనబడనే కనబడవు. మన కప్ప కళ్ళు భూతద్దం లేకపోయినా కనబడతాయి. ఒక్కొక్క కటకం విడివిడిగా, గుండ్రంగా, పూసలు కుట్టినట్టుంటుంది. 1839లో జర్మనీలో ఎమ్రిచ్ అనే ఆయన ఈ కళ్ళనే గుర్తుగా తీసుకుని ఫేకోప్స్ అనే కొత్త ఇంటిపేరు పెట్టాడు. గ్రీకులో ఫాకోస్ అంటే మసూరు పప్పు. కటకానికి ఇంగ్లీషువాళ్ళు వాడే లెన్స్ అన్న మాట కూడా లాటిన్ మసూరు పప్పు నుంచే వచ్చింది. అంటే ఫేకోప్స్‌ను తెలుగులో చెప్పాలంటే పప్పుగింజకన్ను. రానా కాలానుక్రమంలో కాలిమెనె ఇల్లు వదిలి ఈ ఇంటికి వచ్చేసింది.

కుటుంబం పేరు 1847 నాటిది. ప్రాగ్‌లో హావ్లె, కోర్డా అని ఇద్దరు బొహీమియా ట్రైలోబైట్ల మీద పుస్తకం వేశారు. అదే ఊళ్ళో ఉండే బరాండ్‌కు ఒళ్ళు మండింది. ఆయన ఫ్రెంచి ఇంజనీరు, రాజకుటుంబానికి ట్యూటరుగా ఉండి వాళ్ళతోపాటు ప్రవాసం వచ్చి, తన జీవితం అంతా ఆ రాళ్ళకే ఇచ్చినవాడు. తన పని ముందు ఎవరో హడావుడిగా అచ్చువేశారని ఆయన బాధ. కోర్డా 1849లో టెక్సస్ నుంచి తిరిగొస్తూ సముద్రంలో ఓడతో సహా మాయమైపోయాడు. బరాండ్ పుస్తకాలు నేటికీ గొప్పవే, కానీ ముందు అచ్చయిన పేరుదే హక్కు అన్న నియమం వల్ల ఫేకోపిడే పక్కన హావ్లె, కోర్డాల పేర్లే ఉంటాయి.

ఒక జాతి ఇల్లు మారిందని ఎలా తెలుస్తుంది? మొదట పేరు పెట్టినవాడి పేరు బ్రాకెట్లో పెడతారు. ఫేకోప్స్ రానా (గ్రీన్, 1832) అని రాస్తే, ఈ అమ్మాయిది పుట్టిల్లు వేరు అని అర్థం. ఈ బ్రాకెట్ చూసినప్పుడు నాకు ముచ్చటేసింది. మా అమ్మ పుట్టింటి పేరు ఏ కాగితంలోనూ లేదు మరి.

ఇప్పుడు అసలు కథకొస్తాను. 1960ల చివర్లో నైల్స్ ఎల్డ్రెజ్ అని న్యూయార్కులో కొలంబియా విద్యార్థి. పీహెచ్‌డీకి ఈ కప్పనే ఎంచుకున్నాడు. న్యూయార్కు కొండల నుంచి అయోవా దాకా విరివిగా దొరుకుతుంది. పొరమీద పొర తవ్వుకుంటూ పోతే, డార్విన్ చెప్పినట్టు మెల్లమెల్లగా మారడం కనబడుతుందని ఆయన ఆశ. వందలకొద్దీ పోగుచేసి కొలిచాడు. ఎక్కడి కప్ప అయినా అదే కప్ప! మార్పు లేకపోవడమంటే థీసిస్ లేకపోవడమే. డేటా అంతా లోడ్ చేశాక రిపోర్టు ఖాళీగా వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చివరికి ఆయనకు కళ్ళు దారి చూపించాయి. ఎడింబరోలో యూవన్ క్లార్క్‌సన్ ఈ కుటుంబపు కళ్ళలో కటకాలు నిలువు వరసల్లో ఉంటాయని, ఆ వరసలు లెక్కపెట్టడం పనికొస్తుందని చూపించి ఉన్నాడు. ఎల్డ్రెజ్ లెక్కపెట్టాడు. పాత పొరల్లో 18 వరసలు. తరవాతి పొరల్లో 17. ఆఖరున 15. మధ్యలో మెల్లగా జారడం లేదు. ఒక అంకె లక్షల ఏళ్ళు అలాగే నిలబడి, తరవాత ఇంకో అంకె వస్తుంది. ఇంకా విచిత్రం, 17 వరసలవి తూర్పున న్యూయార్కు వైపు కనిపించేనాటికి లోపలి సముద్రంలో, ఒహాయో వైపు, 18వే హాయిగా బతుకుతున్నాయి. లోపలి సముద్రం ఎండిపోయి తిరిగి నిండినప్పుడు వచ్చినవి 17వి. అంటే మార్పు ఒక మూల, ఒక చిన్న గుంపులో జరిగింది. మిగతాచోట్ల మనకు కనబడేది మార్పు కాదు, వలస.

1972లో ఎల్డ్రెజ్, స్టీఫెన్ జే గౌల్డ్ కలిసి రాసిన ప్రసిద్ధ వ్యాసానికి పునాదుల్లో ఇదొకటి. జాతులు ఎక్కువకాలం మారకుండా ఉంటాయి, మారినప్పుడు భూగర్భ కాలమానంలో చాలా తొందరగా మారతాయి అని వాళ్ళ వాదన. దానిమీద పెద్ద యుద్ధాలే జరిగాయి. అవన్నీ ఇప్పుడొద్దు. అదే ఏడాది ఎల్డ్రెజ్ ఈ కప్ప వర్గీకరణ మీద వేసిన పెద్ద పుస్తకం గురించి మనవాళ్ళెవరూ మాట్లాడరు. నాకు అదే ఎక్కువ నచ్చింది. అమెరికాలోనే పక్కపక్కన దొరికే ఫేకోప్స్ అయోవెన్సిస్‌కు రానా దగ్గర చుట్టం కాదని, రానాకు దగ్గరివి యూరప్, ఆఫ్రికాల్లో దొరికే ఫేకోప్స్ అని అందులో తేల్చాడు. అప్పటి ఒహాయో భూమధ్యరేఖకు దక్షిణాన ఒక లోతులేని సముద్రం. ఆ సముద్రంలోకి రానా వంశం బయటినుంచి వచ్చింది. ఒహాయోలో దొరికింది కదా అని ఒహాయోదే అనుకుంటాం!

ఫ్రాంక్‌ఫర్ట్ సెన్కెన్‌బర్గ్ మ్యూజియంలో పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ స్ట్రూవె 1990లో రానా గుంపును అసలు ఫేకోప్స్ నుంచి విడదీసి, ఎల్డ్రెజ్ పేరుమీద ఎల్డ్రెజాప్స్ అన్నాడు. ఫేకోప్స్ అన్న పేరు జర్మనీ ఐఫెల్ కొండల్లో దొరికే లాటిఫ్రాన్స్ జాతికి కట్టి ఉంది కనక, వేరుపడినప్పుడు కొత్త పేరు రానాకే వస్తుంది. పాత పేరు లాటిఫ్రాన్స్ దగ్గరే ఉండిపోతుంది. ఇక్కడ ఒక తమాషా. అంతకు రెండేళ్ళ ముందే, 1988లో, పెన్సిల్వేనియా తన రాష్ట్ర శిలాజంగా ఫేకోప్స్ రానాను చట్టంలో రాసుకుంది. చట్టంలో ఒక ఇంటిపేరు, పరిశోధనా పత్రాల్లో ఒక ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఒకటి, సర్టిఫికెట్లలో ఒకటి ఉన్నవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మీలో కొందరు ఈపాటికి అడుగుతుంటారు, మన కడప రాళ్ళలో ఇవి దొరకవా అని. దొరకవు. వేంపల్లె సున్నపురాళ్ళలో పొరలు పొరలుగా కనబడేవి సూక్ష్మజీవులు కట్టిన గుట్టలు. ఆ రాళ్ళ వయసు 190 కోట్ల ఏళ్ళకు తక్కువ కాదు. ట్రైలోబైట్లు పుట్టింది 52 కోట్ల ఏళ్ళ కిందట. అక్కడ ట్రైలోబైట్ కోసం వెతకడమంటే తాతముత్తాతల ఫొటోలో మనవణ్ణి వెతకడం. మన దేశంలో కావాలంటే హిమాలయాల్లో స్పితికి వెళ్ళాలి. అక్కడివి కూడా కేంబ్రియన్ కాలపువి, ఈ కుటుంబానివి కావు.

ఈ కుటుంబం ఆర్డోవిషియన్ కాలంలో మొదలై డెవోనియన్ కాలంలో బాగా విస్తరించింది. దాని కథలో నన్ను బాధపెట్టిన భాగం చివరిది. కళ్ళకు పేరుమోసిన ఈ ఇంట్లోనే, డెవోనియన్ చివరి దశలో, కళ్ళు పోయాయి. వెలుతురు చేరని బురద లోతుల్లో బతికినవాటిలో కటకాలు తరతరానికీ తగ్గి, కొన్ని పూర్తిగా గుడ్డివయ్యాయి. 37 కోట్ల ఏళ్ళ కిందట ఒక పెద్ద వినాశనం వచ్చినప్పుడు ఈ కుటుంబంలో చాలా శాఖలు పోయాయి. ఆ తరవాతి పొరల్లో ట్రైమెరోసెఫాలస్ అనే గుడ్డి ప్రజాతి కనబడుతుంది. పోలండ్‌లో దొరికిన ఒక జాతికి 2013లో సంగీతకారుడు షోపేన్ పేరు పెట్టారు. కళ్ళు లేని ఆ జీవులు ఒకదాని వెనక ఒకటి, బారులు తీరి నడుస్తూనే చచ్చిపోయి, అలాగే రాయిలో ఉండిపోయాయి. తరవాత కళ్ళున్న ఫేకోపిడ్లు మళ్ళీ కనబడతాయి, కానీ ఎక్కువకాలం కాదు. 35 కోట్ల 90 లక్షల ఏళ్ళ కిందట, డెవోనియన్ ముగింపులో, కుటుంబం మొత్తం అంతరించింది. వేరే ట్రైలోబైట్లు కొన్ని ఇంకో పదికోట్ల ఏళ్ళు లాగించాయి.

కళ్ళ గురించి ఇంకొక్క ముక్క. జర్మనీలో సీమెన్స్‌లో ఎక్స్‌రే పని చేసే విల్‌హెల్మ్ స్టూర్మర్ అనే ఆయన 1970ల్లో ఈ కుటుంబపు శిలాజాలకు ఎక్స్‌రేలు తీసి, కంటి వెనక సన్నటి దారాలు కనబడ్డాయన్నాడు. పండితులు ఒప్పుకోలేదు. ఆయన 1986లో పోయాడు. 2021లో బ్రిగిట్టె షోనెమన్, అదే క్లార్క్‌సన్, ఇంకొందరు కలిసి ఆ పాత ఎక్స్‌రేలను మళ్ళీ తీసి చూశారు. ఫిల్ము మీద ఎర్ర పెన్నుతో గీసిన బాణం గుర్తు అలాగే ఉంది. ఆ దారాలు నరాలనీ, పెద్ద కటకం ఒక్కొక్కదాని కిందా ఒక పూర్తి చిన్న కన్ను ఉందనీ వాళ్ళు అంటున్నారు. నాలాగే బయటి మనిషి కనక స్టూర్మర్ మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, క్షమించాలి.

ఇక మా అమ్మాయి డబ్బా సంగతి. ఆదివారం రాత్రి వంటింటి బల్ల మీద లైటు పెట్టుకుని, భూతద్దంతో వరసలు లెక్కపెట్టాం. మొదటిసారి 17 వచ్చాయి. అంచున ఒకటి చిట్లిపోయి ఉందని రెండోసారి తెలిసింది. 18. సిల్వేనియా రాళ్ళలో 18 వరసలవాటికి 1927లో గ్రేస్ స్టూవర్ట్ మిల్లరై అని పేరు పెట్టింది. ఎల్డ్రెజ్ దాన్ని రానాలోనే ఒక ఉపజాతి అన్నాడు. ఆ తరవాత కొందరు విడి జాతిగానే లెక్కపెడుతున్నారు. అంటే ఇంటిపేరు తేలిందనుకునేసరికి సొంతపేరు దగ్గర ఆగిపోయాం. అది కాసేపు పెన్సిలు కొరుక్కుని, డబ్బా మీద "ఎల్డ్రెజాప్స్. 18 వరసలు. నేను లెక్కపెట్టాను" అని రాసింది.