ఎముక కాని చోట సున్నం

తుంటి దగ్గరో, మోచేతి వెనకో, భుజం మీదో గడ్డ లేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి పిడికిలంత అవుతుంది. చర్మం పగిలితే సుద్దనీళ్లలాంటి తెల్లటి ద్రవం కారుతుంది. ఎక్స్‌రేలో కీలు పక్కన తెల్లని ముద్దలు కనిపిస్తాయి. కిడ్నీలు బాగానే పనిచేస్తున్నా రక్తంలో ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటే, వంశపారంపర్యంగా వచ్చే ట్యూమరల్ కాల్సినోసిస్‌ను అనుమానించాలి. ఇది చాలా అరుదు. పేరులో ట్యూమర్ ఉన్నా క్యాన్సర్ కాదు.

1899లో ఫ్రెంచి వైద్యుడు డ్యూరే ఈ గడ్డలను ఒక అమ్మాయిలోనూ ఆమె తమ్ముడిలోనూ చూసి రాశాడు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరికీ రావడం అంటే రక్తసంబంధంలోనే ఏదో ఉందన్నమాట. ఆ ఏదో దొరకడానికి మరో వందేళ్లు పట్టింది. 1943లో క్యూబా ఎముకల వైద్యుడు ఆల్బెర్టో ఇన్‌క్లాన్ పెట్టిన పేరే ఇప్పటికీ నిలిచింది. అప్పట్లో ఆపరేషన్ ఒక్కటే దారి. కానీ రక్తంలో ఫాస్ఫేటు తగ్గనంతకాలం, తీసిన చోటే గడ్డ మళ్లీ పుట్టుకొచ్చేది.

1972లో మొజఫారియన్ బృందం అమెరికాలో తిండిలో ఫాస్ఫేటు తగ్గించే చికిత్సను ప్రకటించింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. గడ్డను వదిలి రక్తాన్ని పట్టించుకున్నారు. ఫాస్ఫేటును పేగులోనే పట్టి ఆపడానికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ వాడేవారు. అల్యూమినియం ఒంట్లో పేరుకుంటే ఎముకలకూ మెదడుకూ ముప్పని తేలాక సెవెలమర్, లాంథనమ్ వచ్చాయి. వీటిని అన్నంతోపాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. మూత్రంలో ఫాస్ఫేటు పోయేలా అసిటాజోలమైడ్ కూడా కలుపుతారు. పాలు, పెరుగు, మాంసం తగ్గించాలి. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని ఇళ్లలో అది పిల్లలకు నిజంగా కష్టం. పప్పులోని ఫాస్ఫేటు మాత్రం ఒంటికి అంతగా పట్టదు.

2004లో గాల్ఎన్‌టీ3 అనే జన్యువు దొరికింది. ఎముకల్లో పుట్టే ఎఫ్‌జీఎఫ్23 హార్మోను, ఫాస్ఫేటును మూత్రంలోకి వదలమని కిడ్నీకి చెబుతుంది. ఆ హార్మోనుకు చక్కెర అణువును తగిలించి, అది ముక్కలవకుండా కాపాడడం ఈ జన్యువు పని. జన్యువు చెడితే కబురు కిడ్నీకి చేరదు. 2005లో ఎఫ్‌జీఎఫ్23లోనే, 2007లో క్లోథో జన్యువులో లోపాలు బయటపడ్డాయి.

ఇలాంటి జన్యువులను చదివే పని మన తూర్పు హైదరాబాద్‌లో చాలాకాలంగా సాగుతోంది. 1990ల్లో హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మొదలైన జన్యు పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ నాచారంలో కొన్నేళ్లు ఉండి, నాంపల్లి మీదుగా ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డుకు చేరింది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో నిమ్స్ ఆసుపత్రితో కలిసి అది ప్రత్యేక కేంద్రాల్లో ఒకటి.

తెలుగు నేలకు ఈ జన్యు పరీక్షల పని మరీ అవసరం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు, మేనరికాల్లో అలాంటి జంట కుదిరే అవకాశం ఎక్కువ. జన్యువు పేరు తెలిసినంత మాత్రాన ఈ రోజు వేసుకునే మాత్ర మారదు. కొరవడిన హార్మోనును భర్తీ చేసే మందు ఇంకా రాలేదు. అయినా ఒక బిడ్డలో లోపం తేలితే, గడ్డ లేకపోయినా తోబుట్టువుల రక్తంలో ఫాస్ఫేటు చూడాలి. తర్వాతి కాన్పుకు ముందే తల్లిదండ్రులు జన్యు వైద్యుణ్ని కలవాలి.