ఫిన్లండు, ఎస్తోనియా – స్వరాజ్యము, జీవనస్థాయి

బాల్టిక్ సముద్రతీరమున ఫిన్లండు, ఎస్తోనియాలు ఇరుగుపొరుగు దేశములు. వాని రాజధానులగు హెల్సింకీ, తాలిన్ నగరముల నడుమ నున్నది సుమారు 80 కిలోమీటర్ల సముద్రమే. ఉభయుల భాషలును ఒకే కుటుంబమునకు చెందినవి. పందొమ్మిదవ శతాబ్దాంతమునకే ఈ రెండు జాతులలోను చదువనేరని వారు అరుదు. రష్యా చక్రవర్తుల యేలుబడి నుండి విడివడి ఫిన్లండు 1917లోను, ఎస్తోనియా 1918లోను స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నవి. భూసంస్కరణలచే రెండుచోట్లను చిన్న రైతులు పొలములకు సొంతదారులైరి. నాడు వారి జీవనస్థాయిలో గొప్ప అంతరము లేదు.

1939లో సోవియట్ సేనలు దండెత్తగా ఫిన్లండు పోరాడి, కరేలియాలో చాల భాగమును పోగొట్టుకొనియు, రాజ్యమును నిలుపుకొనెను. ఎస్తోనియా 1940లో సోవియట్ యూనియనులో కలుపబడెను. 1949 మార్చిలో 20 వేలమందికి పైగా ప్రజలు సైబీరియాకు తరలింపబడిరి. రైతుల పొలములు సమష్టి క్షేత్రములైనవి. ఆ కాలముననే ఫిన్లండు కాగితము, యంత్రములు, ఓడలు ఎగుమతి చేసి సంపన్నమయ్యెను.

1991లో తిరిగి స్వతంత్రమగునాటికి ఎస్తోనియా తలసరి ఆదాయమున ఎంతో వెనుకబడి యుండెను. మరుసటి యేడే సొంత ద్రవ్యమును వెలయించెను. 2004లో యూరోపియన్ యూనియనులో చేరెను. నేటికిని ఫిన్లండే ముందున్నను, అంతరము చాలవరకు తగ్గినది.

ఒక జాతి తన పొలమును, ధనమును గూర్చి తానే నిర్ణయించుకొను అధికారమే స్వరాజ్యము. అది పోయిన అర్ధశతాబ్దిలోను ఎస్తోనియా ప్రజలు తమ భాషను, చదువును విడువలేదు. స్వరాజ్యము మరల చేజిక్కిన నాడు వారికి అక్కరకు వచ్చిన మూలధనము అదియే.