సురక్షిత సంధానం నుంచి తాళంచెవులు: చారిత్రక పరిణామం

గోదావరిఖనిలోని విద్యార్థి బ్రౌజరులో వెబ్‌ఆర్‌టీసీ పద్ధతిన వీడియో తరగతికి హాజరైతే, ఆ మాటలను గుప్తీకరించే తాళంచెవులు నెట్‌వర్కులో ప్రయాణించవు. సంధానం కుదిరినప్పుడు ఏర్పడిన ఉమ్మడి రహస్యం నుంచి ఇరువైపుల యంత్రాలూ వాటిని విడివిడిగా లెక్కగట్టుకుంటాయి.

ఇంటర్నెట్ భద్రతా నియమావళి టీఎల్‌ఎస్ 1999లో వెలువడింది. అదే ఏడాది ఈఏపీ-టీఎల్‌ఎస్ దాని రహస్యంతో మరో పనికి తాళంచెవులు రూపొందించింది. ఎవరికి వారు ఇలా చేస్తే రెండు పనులకు ఒకే తాళంచెవి ఏర్పడే ప్రమాదముంది. అందుకే 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5705 ప్రతి ప్రయోజనానికీ వేరు లేబుల్ ఉండాలని నిర్దేశించింది. లేబుల్ మారితే తాళంచెవి మారుతుంది.

అయితే వేర్వేరు సంధానాల్లో మూల రహస్యమే ఒకటి కావచ్చని 2014లో 'ట్రిపుల్ హ్యాండ్‌షేక్' దాడి నిరూపించింది. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7627 ఆ రహస్యాన్ని సంధానపు తొలి సంభాషణతో ముడివేసింది. 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3 ఈ సూత్రాన్నే అనుసరించింది. తాళంచెవి భద్రత అది పుట్టిన సంధానం భద్రతను మించదని దీనివల్ల గ్రహించాలి.