బెండు టోపీ - లెదర్ జాకెట్

2006 జూలైలో మొదటిసారి ఆన్‌సైట్‌కి డాలస్ వెళ్ళాను. వెళ్ళేముందు మా టీములో చేతులు మారుతూ వస్తున్న ఓ ఎక్సెల్ షీట్ నాకూ అందింది - "అమెరికాకి ఏమేం పట్టుకెళ్ళాలి" అని. థర్మల్స్ రెండు జతలు, ఉన్ని స్వెటరు, లెదర్ జాకెట్, మంకీ క్యాప్.. కోఠీ అంతా తిరిగి అన్నీ కొన్నాను. సామాను బరువెక్కువైతే అమ్మ పెట్టిన ఆవకాయ సీసా తీసేశాను గానీ జాకెట్ మాత్రం తియ్యలేదు! తీరా దిగి బయటికొస్తే ఎండ వంద ఫారెన్‌హీట్ దాటి ఉంది. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన సీనియర్ నా చేతిలో జాకెట్ చూసి ఒకటే నవ్వు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ షీట్ జనవరిలో మినియాపోలిస్ వెళ్ళినాయన ఎవరో రాసుకున్నదట. తర్వాత వెళ్ళినవాళ్ళంతా దానికి కలుపుతూ పోయారు గానీ, ఒక్కరూ ఒక్క లైనూ తీసెయ్యలేదు.

నా తెలివి సంగతి సరే. ఇదే పని ఒక సామ్రాజ్యం మొత్తం దశాబ్దాల తరబడి చేసింది, అదీ మన ఎండల్లో.

నిజానికి మొదట్లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళలో చాలామంది తెలివిగానే ఉన్నారు. నేను థర్మల్స్ కొన్న కోఠీలోనే రెసిడెన్సీ భవనం ఉంది కదా, దాన్ని కట్టించిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా హైదరాబాదులో కంపెనీ రెసిడెంటు. ఆయన ఇంటిపట్టున హైదరాబాదీ దుస్తుల్లోనే ఉండేవాడు. చుట్టూ ఉన్న జనం వేసవిలో ఏం కట్టుకుంటున్నారో చూసి అదే కట్టుకోవడం - ఇంతకంటే సులువైన పద్ధతి ఇంకేముంది?

కానీ రానురాను పాలకుడు పాలితుడిలా కనపడకూడదనే పట్టింపు పెరిగింది. 1830లో కంపెనీ తన ఉద్యోగులు అధికారిక కార్యక్రమాల్లో దేశీ దుస్తులు వేసుకోకూడదని నిషేధించింది. పల్చటి నూలు పోయి, ఒంటికి ఆనించి ఫ్లానెల్ వేసుకోవాలనే సలహా నిలబడింది. చెమట ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడితే జబ్బు చేస్తుందని అప్పటి డాక్టర్ల భయం. ఆ భయంలోంచే "కలరా బెల్టు" వచ్చింది - పొట్ట చుట్టూ చుట్టుకునే ఉన్ని పట్టీ! పొట్ట వెచ్చగా ఉంటే కలరా రాదట. 1854లోనే లండన్‌లో జాన్ స్నో కలరా నీళ్ళ వల్ల వస్తోందని చూపించాడు. 1883-84లో రాబర్ట్ కాక్ ఈజిప్టులోనూ కలకత్తాలోనూ ఆ క్రిమిని పట్టుకున్నాడు. అయినా 20వ శతాబ్దంలో కూడా సైనికులు ఆ పట్టీ చుట్టుకుంటూనే ఉన్నారు. బగ్ ఎక్కడుందో తెలిసిపోయింది, పాత ప్యాచ్ మాత్రం ఎవరూ తీసెయ్యలేదన్నమాట.

ఇక టోపీ. దాన్ని "సోలార్ టోపీ" అంటారు గానీ సూర్యుడికీ ఆ పేరుకీ సంబంధం లేదు. శోలా అనే నీటి మొక్క బెండుతో చేస్తారు కాబట్టి శోలా టోపీ. తేలిగ్గా ఉంటుంది, నీడనిస్తుంది, మంచి వస్తువే. చిక్కల్లా దాని చుట్టూ అల్లిన నమ్మకంతోనే. మన సూర్యకిరణాలు తెల్లవాళ్ళ పుర్రెలోంచి మెదడులోకి దూసుకుపోతాయని డాక్టర్లే చెప్పారు. దాంతో మబ్బు పట్టిన రోజున కూడా టోపీ తప్పనిసరి. పక్కనే మన రైతు తలకి తువ్వాలు చుట్టుకుని రోజంతా దున్నుతుంటే, "వాళ్ళ తల వేరు, మన తల వేరు" అనుకున్నారు. ఎండదెబ్బకి జాతిభేదం అంటగట్టారు!

ఈ కిరణాల సిద్ధాంతాన్ని ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం నిజంగానే టెస్ట్ చేసింది. నారింజ-ఎరుపు రంగు లోదుస్తులైతే కిరణాలని ఆపుతాయని వందలమంది సైనికులకి తొడిగి, తెల్లవి తొడుక్కున్నవాళ్ళతో పోల్చి చూశారు. 1910లో ఫలితాలు ప్రచురించారు. లాభం లేకపోగా రంగువి వేసుకున్నవాళ్ళకే ఎక్కువ ఉక్కపోసింది. అయినా బెండు టోపీ ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు అది లేకుండానే ఎండల్లో పోరాడినా పుర్రెలకేమీ కాలేదు. అప్పటికిగానీ దాని మీద భయం వదల్లేదు.

ఇందులో నాకు పట్టేదేమిటంటే, ఆ డాక్టర్లు తెలివితక్కువవాళ్ళు కాదు. ముందువాళ్ళు రాసిన జాబితాలోంచి ఒక లైను కొట్టేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అంతే. పైగా టోపీ తీస్తే దొరతనం కూడా పోతుందేమోనన్న భయం ఒకటి. మనమేమన్నా తక్కువ తిన్నామా? ఎండలో జీన్సు మీద జాకెట్ వేసుకుని ఫోటో దిగితేగానీ ఫారిన్ వెళ్ళినట్టు అనిపించదు మనకి.

కాబట్టి వేసవిలో బయటిదేశం వెళ్ళేవాళ్ళు ఎవరి లిస్టో నమ్మకండి. వెళ్ళే ఊళ్ళో ఆ నెలలో ఎండ ఎంతో చూసుకోండి. అక్కడ ఉంటున్నవాళ్ళని అడగండి, ప్రతి వస్తువుకీ "ఎందుకు" అని కూడా అడగండి. నూలు చొక్కాలు చాలు. ఆఫీసులో ఏసీకి ఓ పల్చటి స్వెటరు. రోమ్ వెళ్తే మాత్రం సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలూ మోకాళ్ళూ కప్పుకునే వెళ్ళాలి. చూశారా, దీనికైతే కారణం ఉంది.

అన్నట్టు, ఇండియా నుంచి ఓడలో తిరిగి వెళ్ళిపోయే ఇంగ్లీషువాళ్ళు బెండు టోపీని సముద్రంలోకి విసిరెయ్యడం ఒక ఆనవాయితీగా ఉండేది. నేను మాత్రం ఆ జాకెట్ విసిరెయ్యలేదు, మా తమ్ముడికిచ్చాను. హైదరాబాదులో, మే నెలలో. వాడు వేసుకున్నాడు కూడా!