ఓటు వేసిన బడిలోనే దెబ్బ: అనంతగిరి కింది వాడల చరిత్ర

అనంతగిరి అంటే మూసీ పుట్టిన కొండ, పద్మనాభుని గుడి అని పుస్తకాలు చెప్తయి. ఆ కొండ కింద వికారాబాదు, తాండూరు పల్లెల మాల మాదిగ వాడలకూ చరిత్ర ఉంది. బడినీ ఓటునూ విడివిడిగా చూస్తే అది అర్థం కాదు.

1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ మన పిల్లల కోసం విడిగా బళ్లు పెట్టిండు. ఉన్న బళ్లల్లో మనకు చోటు లేదు గనుకనే పెట్టవలసి వచ్చింది. వికారాబాదు వైపు మెథడిస్టు మిషను బళ్లు ఆ పని కొంత చేసినయి.

ఓటుకూ బడే అడ్డం. బ్రిటిష్ ఆంధ్రలో 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హత ఏదో ఒకటి ఉంటేనే ఓటు. భూమి దక్కనియ్యరు, బడికి రానియ్యరు, ఆ రెండూ లేవని ఓటియ్యరు. నిజాం సర్కారు 1939లో ప్రకటించిన సంస్కరణలు వృత్తులవారీ ప్రాతినిధ్యం అన్నయి గాని మనిషికో ఓటు అనలేదు. 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేడ్కర్ వయోజనులందరికీ ఓటు అడిగింది ఈ కిటుకు తెలిసే.

1952లో హైదరాబాదు రాష్ట్రం తొలిసారి అందరి ఓటుతో శాసనసభను ఎన్నుకుంది. తాండూరు తాలూకా అప్పుడు గుల్బర్గా జిల్లాలో ఉండె. 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఆది హిందూ ఉద్యమంలో పనిచేసిన అరిగె రామస్వామి తర్వాత వికారాబాదు నుంచి శాసనసభకు పోయిండు. అయినా దళితుల ఓటుకు రక్షణ చాలలేదు. ఓటు వేయకుండా ఆపడం, ఫలానావారికే వేయమని బెదిరించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే, ఊళ్లల్లో ఏం జరిగిందో వేరే చెప్పాల్నా?

మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. మా నాయన బండల గనిలో కూలి. 1999లో నోటుబుక్కు తేలేదని నన్ను బడిలో కొట్టిండ్రు. దెబ్బ మానింది. "మీకు చదువెందుకురా, బండలు మొయ్యక" అన్న మాట మానలేదు. అడుగుదామని వచ్చిన నాయన గేటు కాడ నిలబడి మళ్లిపోయిండు. ఆ ఏడు ఎన్నికల్లో మాత్రం అదే గేటు దాటి లోపలికి పోయి ఓటేసిండు. పోలింగు కేంద్రం ఆ బడే. ఓటరుగా లోపలికి పోగలిగిన మనిషి తండ్రిగా పోలేకపోయిండు.

బళ్లల్లో కొట్టడాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. కులం పేరున ఆడిన మాట కూడా దెబ్బేనని మనం వాదించడానికి ఆధారం ఇదే. అదే చట్టం 21వ సెక్షను సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలంటది. వెనుకబడేయబడ్డ వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా చోటు, స్త్రీలకు సగం చోటు ఇవ్వాలంటది.

వికారాబాదు 2016లో జిల్లా అయింది. అసెంబ్లీ సీటు మనకు రిజర్వు. ఆ సీటు కోసం తిరిగినంత శ్రద్ధ బడి కమిటీ మీద మన సంఘాలు పెట్టలేదు. కమిటీలో మన వాడ తల్లులు కూర్చోవాలె. ఏ పిల్లను ఎందుకు శిక్షించిండ్రో అడగాలె, జవాబు రిజిస్టరులో రాయించాలె. అయిదేండ్లకోసారి తెరుచుకునే గేటు రోజూ తెరుచుకున్నప్పుడే 1952 నాటి ఓటుకు పూర్తి విలువ.