ఆ పీకని నిజంగా కాకే ఎత్తుకుపోయిందా? పిల్లల ఏడుపు ఆపడానికి మనం నోట్లో పెట్టినవాటి చరిత్ర

ఈసారి ఎపిసోడ్ హైదరాబాద్ రూములోంచి కాదు, ద్రాక్షారామంలో మా ఇంటి మేడ మీద నుంచి. వెనకాల భీమేశ్వరస్వామి గుడి గోపురం కనిపిస్తోంది కాబట్టి చాళుక్య భీముడి గురించో, శాసనాల గురించో చెప్తాననుకుంటారు. అది ఇంకోసారి. ఇవాళ నా చేతిలో ఉన్నది చూడండి. పిల్లల పీక. ముందు మెత్తటి మొన, వెనకాల పట్టుకోడానికి చిన్న రింగు. ఇది మా మేనల్లుడిది. వాడికి రెండున్నరేళ్ళు. నాలుగు రోజుల క్రితం దీన్ని కాకి ఎత్తుకుపోయిందని వాడికి చెప్పారు. నిజానికి ఇది బియ్యం డబ్బాలో ఉంది.

మా అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలు, అందుకని పిల్లాడు మా అమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ముందుపళ్ళు ఎత్తుగా వస్తున్నాయి, మూడేళ్ళు నిండేలోపు పీక మాన్పించెయ్యండి అని పళ్ళ డాక్టరు చెప్పారు. దాంతో ఇంట్లో గొడవ మొదలైంది. అమ్మేమో వేపాకు రసం రాసేద్దాం అంటుంది. అక్క ఫోన్లో, ఒక్కసారి లాక్కోవద్దమ్మా, ముందు పగలు మాన్పించి తర్వాత రాత్రి మాన్పిద్దాం అంటుంది. మా మామ్మ, ఎనభై దాటిన మనిషి, మంచం మీద నుంచి ఒక్క మాట అంది: "ఇది ఉత్త రబ్బరు ముక్కే కదర్రా. మా అమ్మ మా చెల్లికి నల్లమందు పెట్టేది."

ఆ మాట దగ్గరే ఈ ఎపిసోడ్ పుట్టింది.

ముందు పేరు సంగతి. మనవైపు దీన్ని చాలామంది పాలపీక అంటారు, తేనెపీక అని కూడా అంటారు. అందులో పాలూ ఉండవు, తేనే ఉండదు. కానీ పేరు ఊరికే రాలేదు. బిడ్డ పుట్టగానే చేసే జాతకర్మలో తేనె, నెయ్యి కలిపి బంగారంతో నాలిక మీద తాకించడం ఉంది. అంటే తల్లిపాల కంటే ముందే తేనె. ఐరోపాలో కూడా చిన్న గుడ్డమూటలో తీపి పెట్టి పిల్లల నోటికి అందించేవారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1506లో వేసిన మేరీమాత బొమ్మ ఒకటుంది, బాల ఏసు చేతిలో అలాంటి గుడ్డపీకే ఉంటుంది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఆకారం, అంటే మొన, గొంతులోకి పోకుండా అడ్డు పళ్ళెం, రింగు, ఇది అమెరికాలో 1900లో మైనెకె అనే ఆయన పేటెంట్ తీసుకున్న డిజైన్ నుంచి వచ్చింది. సరే, అది టెక్నాలజీ కథ. నాకు అంతకంటే పాత కథ ఒకటి మన పక్కనే దొరికింది.

ద్రాక్షారామం నుంచి రెండు గోదావరి పాయలు, గౌతమి, వశిష్ఠ దాటితే పాలకొల్లు. అదీ పంచారామాల్లోదే, క్షీరారామం. కార్తీకమాసంలో ఆర్టీసీ బస్సెక్కి ఒకే రోజు అయిదు గుళ్ళూ చుట్టినవాళ్ళకి తెలుసు. అక్కడి స్థలపురాణంలో ఉపమన్యుడనే పిల్లాడు పాల కోసం ఏడిస్తే శివుడు క్షీరసాగరంలోంచి పాలు రప్పించాడు, అందుకే ఆ ఊరికి ఆ పేరు అంటారు. ఈ ఉపమన్యుడి కథ భారతం ఆనుశాసనిక పర్వంలోనూ ఉంది. బీద ఇల్లు. పిల్లాడు చుట్టాలింట్లో ఒకసారి ఆవుపాలు రుచి చూశాడు. ఇంటికొచ్చి పాలు కావాలని అడిగితే తల్లి నీళ్ళలో పిండి కలిపి ఇచ్చింది. వాడు తాగి, అమ్మా ఇవి పాలు కావు అన్నాడు.

ఇంకో పిల్లాడు కూడా ఉన్నాడు. ఆదిపర్వంలో అశ్వత్థామ. ద్రోణుడి ఇంట్లో ఆవు లేదు. తోటి పిల్లలు పిండినీళ్ళిచ్చి పాలని నమ్మిస్తే అశ్వత్థామ పాలు తాగానని గంతులేశాడు. అది చూసి నవ్వుతున్నవాళ్ళ మధ్య ద్రోణుడికి తల కొట్టేసినట్టయింది. ఆ అవమానమే ఆయన్ని ద్రుపదుడి దగ్గరికి నడిపించింది, అక్కణ్ణుంచి కురుక్షేత్రం దాకా దారి మీకు తెలుసు. ఒక పిల్లాడు మోసపోయాడు, ఒకడు పోలేదు. ఇద్దరి నోటికీ అందినది మాత్రం పిండినీళ్ళే. పిల్లాడికి కావలసింది ఇవ్వలేనప్పుడు, దానిలా కనిపించేది ఇంకోటి ఇస్తాం. పీక అంటే ఇంతే కదండీ.

పిండినీళ్ళతో ప్రాణం పోదు. నల్లమందుతో పోతుంది. మామ్మ మాట దగ్గరికొస్తాను.

మా తరానికి నల్లమందు అంటే సినిమాల్లో స్మగ్లర్లు. కానీ బ్రిటిష్ కాలంలో ఇది లైసెన్సు కొట్లో అమ్మే సరుకు. 1878 నాటి నల్లమందు చట్టం దాన్ని ఆపలేదు, ఎవరు అమ్మాలి, ప్రభుత్వానికి ఎంత రావాలి అనేది చూసుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో దాని వాడకం ఎక్కువున్న జిల్లాల్లో మన గోదావరి ఒకటి. ముఖ్యంగా ఏజెన్సీలో చలిజ్వరానికి ఇదే కాపలా అని నమ్మేవారు. మందు మింగడం మామూలైన ఇంట్లో పిల్లాడి నాలిక మీదకి అది రావడానికి ఎంతసేపు? పంటి నొప్పికి, విరేచనాలకి, దగ్గుకి ఉన్నదే, ఏడుపుకీ వచ్చింది. మామ్మ చెప్పిన కొలత "ఆవగింజలో సగం". నాట్లకి వెళ్ళే తల్లి గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి, బిడ్డని పడుకోబెట్టి, సాయంత్రం దాకా వంగి పని చెయ్యాలి. బిడ్డ లేస్తే కూలి పోతుంది.

ఇది మన ఒక్కళ్ళ పాపమూ కాదు. 1893లో లండన్ ప్రభుత్వం నల్లమందు మీద ఒక రాయల్ కమిషన్ వేసింది, 1895లో రిపోర్టు వచ్చింది. మొత్తం మీద అది చెప్పింది ఏంటంటే, భారతదేశంలో దీన్ని నిషేధించాల్సినంత ప్రమాదం ఏమీ లేదని. 1920ల్లో బొంబాయి మిల్లు కార్మికుల బతుకుల మీద విచారణలు జరిగితే, తల్లులు షిఫ్టుకి వెళ్తూ పిల్లలకి నల్లమందు మాత్రలు వేస్తున్న సంగతి బయటపడింది. మిల్లు సైరన్ అయినా, మేస్త్రీ కేక అయినా, చీర ఉయ్యాల దగ్గర జరిగేది ఒకటే.

ఇంగ్లండులో ఫెన్స్ అనే చిత్తడి నేలలున్నాయి. మన డెల్టాలాగే నీళ్ళు, దోమలు, చలిజ్వరం. అక్కడి పొలం కూలీలు కూడా నల్లమందుకి అలవాటుపడ్డారు, పిల్లలకి గాడ్‌ఫ్రీ కార్డియల్ అనే తియ్యటి నల్లమందు సీసా పట్టేవారు. ఇక్కడో చిన్న పిట్టకథ. ఆ చలిజ్వరం వైద్యం చూసే నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో గ్రైప్ వాటర్ తయారుచేశాడు. సోపు జాతి గింజల నూనె, సోడా, పంచదార, కొంచెం సారా. అవునండీ, సారా. అక్కడ 1990ల దాకా ఉంది, తర్వాత తీసేశారు. టీవీలో పాప ఏడిస్తే అమ్మ, అమ్మమ్మ, వాళ్ళమ్మ వరసగా వచ్చే ప్రకటన చూసి పెరిగిన తరం మాది. ఆ వరస ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఎక్కడ తేలుతుందో ఇప్పుడు తెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో అఖిల భారత నల్లమందు సమావేశం ఒక నిర్ణయం తీసుకుంది. వైద్యానికి తప్ప మిగతా వాడకానికి ఇచ్చే నల్లమందు ఏటా పది శాతం చొప్పున తగ్గించుకుంటూ పోయి, 1959 మార్చి 31 కల్లా ఆపెయ్యాలని. నాకు ఇది చదివితే నవ్వొచ్చింది. మా అక్క చెప్పేదీ అదే పద్ధతి కదా. ముందు పగలు, తర్వాత రాత్రి. దేశానికి పదేళ్ళిచ్చారు, మా వాడికి రెండు వారాలు కూడా ఇవ్వం అంటోంది అమ్మ.

మామ్మ చెల్లెలు బతకలేదు. ఏడాది నిండకుండానే పోయింది. జ్వరమని చెప్పుకున్నారట. "ఏమోరా, ఎవరికి తెలుసు" అంది మామ్మ. నేను మళ్ళీ అడగలేదు.

సరే, ఇప్పటి పీక సంగతి. దీన్ని నల్లమందుతో కలిపి తిట్టడం నా ఉద్దేశం కాదు. పసిపిల్లలు నిద్రపోయేటప్పుడు పీక ఉంటే ఉన్నట్టుండి నిద్రలో చనిపోయే ప్రమాదం తగ్గుతుందని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2005 నుంచి చెబుతోంది. కాబట్టి మొదటి ఏడాది పీక ఇచ్చిన తల్లిని ఎవరూ దోషిలా చూడక్కర్లేదు. అదే పీక ఏళ్ళ తరబడి ఉంటే చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయి, పళ్ళ వరస మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో పీకలు అసలు ఇవ్వొద్దన్నాయి, 2018లో మాట మార్చి, వాటి వాడకం, ప్రమాదాల గురించి తల్లులకి వివరంగా చెప్పండి అన్నాయి. మన దేశంలో 1992లో వచ్చిన చట్టం డబ్బాపాలకీ, పాలసీసాలకీ ప్రకటనలు నిషేధించింది. సీసా మూతికుండే పీక ఆ చట్టంలో ఉంది. ఖాళీగా చప్పరించే పీక ప్రస్తావన లేదు. అందుకే ఇది సంతలో ఈలల పక్కన, బొమ్మల పక్కన వేలాడుతూ ఉంటుంది.

తేనెపీక పేరుని నిజం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. లోపల తేనె నింపిన పీకలు మెక్సికోలో అమ్ముతారు. 2018లో టెక్సాస్‌లో నలుగురు పసిపిల్లలు అవి చప్పరించి బోట్యులిజం అనే జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు, అమెరికా ప్రభుత్వం హెచ్చరిక ఇచ్చింది. డాలస్‌లో ఉన్న మనవాళ్ళు వింటుంటే, ఏడాది నిండేదాకా తేనె వద్దు. జాతకర్మకైనా సరే. మామ్మలకి కోపం వస్తే నా పేరు చెప్పండి.

ఇంకో విచిత్రం. మా వాడికి మాటలు ఆలస్యం అవుతున్నాయని అమ్మ వస అరగదీసి నాకించాలంది. వసపిట్ట అని ఊరికే అనరు కదా, వస పోస్తే మాట గలగలా వస్తుందని మన నమ్మకం. పసిపిల్లలకి అది మంచిది కాదని డాక్టరు ఆపేశారు. అసలు రోజంతా నోట్లో పీక పెట్టి, మాట రావడం లేదని వస వెతకడం ఏంటమ్మా అన్నాను. అమ్మ మూడు గంటలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే అంది, "వాడు పీకతో ఉంటేనే నాకు వంటవుతుంది" అని. మామ్మ అమ్మకి నాట్లు, మా అమ్మకి వంట, మా అక్కకి మీటింగ్. నేను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే నేనొచ్చినప్పుడల్లా రికార్డింగులో సౌండ్ రాకుండా వాడి నోట్లో పీక పెట్టింది నేనే.

వేపాకు రసం ఆపించాను. తల్లిపాలు మాన్పించడానికి చేదు రాయడం మన ఇళ్ళల్లో ఉన్నదే, కానీ నమ్ముకున్న వస్తువు చేదెక్కడం ఆ వయసులో ఎలా ఉంటుందో పెద్దవాళ్ళం మర్చిపోతాం. డెన్మార్క్‌లో పిల్లలు తమ పీకని తామే తీసుకెళ్ళి ఒక చెట్టుకి కట్టి, టాటా చెప్పి వస్తారు. మనం పిల్లలు పుట్టాలని గుడి చెట్టుకి ఉయ్యాలలు కడతాం కదా, మనకి ఇదేం కొత్త కాదు, మనమూ అలా చేద్దామన్నాను. ఈలోపే అమ్మ కాకి కథ చెప్పేసింది.

మొదటి రాత్రి రెండు గంటలు ఏడ్చాడు. రెండో రాత్రి నలభై నిమిషాలు. మూడో రాత్రి మామ్మ పక్కన పడుకుని ఆవిడ చెవి పట్టుకుని నిద్రపోయాడు. ఇప్పుడు పగలంతా మేడ మీదే. అదిగో, ఆ శబ్దం వినిపిస్తోందా, కెమెరా అటు తిప్పుతాను ఉండండి. పిట్టగోడ దగ్గర నిలబడి కాకుల్ని అడుగుతున్నాడు, "నా పీకీ... ఇచ్చెయ్" అని. రెండు మాటలు కలిపి అనడం వాడికి ఇదే మొదటిసారి.

పీక నా జేబులో పెట్టేస్తున్నాను. వాడు చూస్తే అయిపోయినట్టే.