వెండిచెంబులో ఎరుపు

మా మేనకోడలు పెన్సిల్‌తో గీసిన వెండిచెంబు బొమ్మ ఒకటి నా బల్ల మీద ఉంది. అమ్మమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్న చెంబు అది. బొమ్మ చూసినప్పుడల్లా మనసు ఆ పేరు మీదికి పోతుంది.

చెంబు అంటే మొదట ఎర్రనిది. తమిళంలో, మలయాళంలో ఈ మాటకు రాగి అనే అర్థం ఇప్పటికీ ఉంది. చెంగల్వ, చెందామర, చెంగావి మాటల్లోని ఎరుపే ఇదీ. కన్నడంలో ఎరుపును కెంపు అంటారు. వాళ్ల కివి మనకు చెవి అయినట్టే ఆ 'కె' మన దగ్గర 'చె' అయింది. రాగిపాత్రకు లోహం పేరే నిలిచింది. తర్వాత ఇత్తడి చెంబులు, స్టీలు చెంబులు వచ్చినా పేరు మారలేదు.

వెండి అంటే తెల్లనిది. వెన్నెలలో, వెన్నలో ఉన్నది ఈ తెలుపే. తమిళుల వెళ్ళి, కన్నడిగుల బెళ్ళి దీని తోబుట్టువులు. అంటే వెండిచెంబు అన్నప్పుడల్లా తెలుపునూ ఎరుపునూ ఒకే మాటలో కలుపుతున్నాం. అందులో తప్పేమీ లేదు. అచ్చవెండి మెత్తన, ఇట్టే సొట్ట పడుతుంది. గట్టిదనం కోసం రాగి కలుపుతారు. స్టెర్లింగ్ వెండిలో నూటికి 92.5 పాళ్లు వెండి. మిగతాది సాధారణంగా రాగే. కంటికి ఆనని ఆ ఎరుపు పేరులో ఉండనే ఉంది.

పెన్సిల్‌లో వెండిరంగు ఉండదు. చెంబు పొట్ట మీద మెరుపున్న చోట ఆ పిల్ల కాగితాన్ని తాకనే లేదు. దాని పక్కనే ఒత్తి నలుపు దిద్దింది. రెండూ పక్కపక్కన పడేసరికి తెల్లకాగితమే వెండి అయింది. విభూతి పెట్టి ఎంత తోమినా మెడ సందుల్లో వదలని నలుపునూ గీసింది. గాలిలోని గంధకం వెండికి పట్టించే నలుపది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అమ్మమ్మ పేరుంది. చివరి అక్షరం అరిగిపోయింది. అరిగిన చోట చుక్కలూ పలచబడ్డాయి.

బొమ్మ గీసిన ఏడాదికే ఆ చెంబును పాతవెండి కింద తూకానికి వేశాం. తరుగు పోగా వచ్చిన వెండికి కొత్త పళ్లెం తెచ్చుకున్నాం. అమ్మమ్మ పేరు ఇప్పుడు కాగితం మీదే ఉంది. మీ ఇంట్లో పాతవెండి మార్చే ముందు పిల్లల చేతికి ఒక పెన్సిల్ ఇవ్వండి.